ఎఫ్‌పీజీఏలో రెండు నియోస్ 2 కోర్లను సమన్వయపరచే విధానం

ఆల్టెరా ఎఫ్‌పీజీఏలో (లోపలి సర్క్యూట్‌ను మనమే రూపొందించుకోగల చిప్‌లో) రెండు నియోస్ 2 కోర్లు (ఆ చిప్‌లో అమర్చుకునే ప్రాసెసర్లు) ఒకే మెమరీని పంచుకుంటున్నప్పుడు, సాధారణ వేరియబుల్‌ను తాళంగా, అంటే ఒకసారికి ఒక కోర్‌నే ఉమ్మడి డేటాను తాకనిచ్చే గుర్తుగా, వాడవద్దు. చదవడాన్నీ రాయడాన్నీ విడదీయరాని ఒకే చర్యగా చేసే ఆదేశం ఈ ప్రాసెసర్‌లో లేదు కనుక, తాళం ఖాళీగా ఉందని రెండు కోర్లూ ఒకేసారి భావించే ప్రమాదం ఉంది.

అందుకే డిజైన్‌లో హార్డ్‌వేర్ మ్యూటెక్స్‌ను (తాళం పని చేసే ప్రత్యేక సర్క్యూట్‌ను) చేర్చి, రెండు కోర్ల డేటా మాస్టర్లనూ (కోర్ డేటాను చదివే, రాసే మార్గాలనూ) దానికి కలపాలి. ప్రతి కోర్‌కూ వేర్వేరు సీపీయూ ఐడీ ఇవ్వడం తప్పనిసరి. మ్యూటెక్స్ రిజిస్టర్‌లో పై 16 బిట్లు యజమానికి, కింది 16 బిట్లు విలువకు కేటాయించి ఉంటాయి. కోర్ తన ఐడీతో పాటు సున్నా కాని ఒక విలువను అందులో రాస్తుంది. అప్పటికి అక్కడి విలువ సున్నా అయితేనో, యజమాని తానే అయితేనో తప్ప ఆ రాత చెల్లదు. కాబట్టి వెంటనే తిరిగి చదివి, తన ఐడీ కనిపిస్తేనే ముందుకు సాగాలి. డ్రైవర్‌తో వచ్చే లాక్ ఫంక్షన్ చేసేది ఈ పనే.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావలసింది డేటా క్యాష్ (మెమరీలోని డేటా ప్రతులను కోర్ తన దగ్గరే ఉంచుకునే చిన్న, వేగవంతమైన నిల్వ) దగ్గర. రెండు కోర్ల క్యాష్‌లను హార్డ్‌వేర్ తనంతట తాను సరిచూడదు. ఒక కోర్ మార్చిన విలువ దాని క్యాష్‌లోనే ఉండిపోతే, తాళం సరిగ్గా పనిచేస్తున్నా రెండో కోర్ పాత విలువనే చదువుతుంది. కనుక ఉమ్మడి డేటాను క్యాష్‌ను దాటిపోయే ఆదేశాలతోనే చదవాలి, రాయాలి. లేదంటే రాసిన కోర్ తాళం విడిచే ముందు క్యాష్‌ను ఫ్లష్ చేయాలి (అందులోని మార్పులను మెమరీలోకి రాయించాలి), చదివే కోర్ తన దగ్గరున్న పాత ప్రతిని ముందే తొలగించుకోవాలి.