నడుం పట్టేసిందా? మొదటి పదిహేను రోజులు ఇలా గడపండి

గుంటూరులో మిర్చి సీజన్ మొదలైతే మా ఫిజియోథెరపీ క్లినిక్‌లో కుర్చీలు చాలవు. నలభై కిలోల టిక్కీ (మిర్చి బస్తా) ఎత్తబోతుంటే నడుం కలుక్కుమంటుంది, మర్నాడు పొద్దున ఇద్దరు చెరో పక్కా పట్టుకుని ఆటోలోంచి దించుతారు. బరువు ఎత్తితేనే పట్టేస్తుందనుకోకండి. తుమ్మి పట్టేసినవాళ్లున్నారు. పోయిన వేసవిలో డాబా మీద వడియాల గుడ్డ తీస్తూ నేనూ పట్టేయించుకున్నాను.

ఎవరు వచ్చినా బల్ల ఎక్కించకముందే కొన్ని అడుగుతాను. ఇంట్లో మీరూ అడగండి. మూత్రం ఆగిపోయిందా, లేక తెలియకుండా పోతోందా? సైకిల్ సీటు తగిలే చోట తిమ్మిరెక్కిందా? నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదా? వీటిలో ఒక్కటి ఉన్నా నా దగ్గరికి రావద్దు, ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆడవాళ్లు మొదటి రెండు ప్రశ్నలకూ సిగ్గుపడి తల అడ్డంగా ఊపేస్తారు. అందుకే పక్కనున్నవాళ్లను బయటికి పంపి మళ్లీ అడుగుతాను. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, ఇదివరకు క్యాన్సరో టీబీయో వచ్చి ఉండటం, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు, పెద్దవయసులో జారిపడటం... ఇవి ఉంటే ముందు డాక్టరుకు చూపించండి.

ఇవేవీ లేకపోతే ఎమ్మారైకి తొందరపడకండి. నొప్పే లేని 50 ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా నూటికి 60 మందిలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బు కనిపిస్తుంది. ఆ రిపోర్టు చదివాక మామూలుగా వంగేవాళ్లు కూడా వంగడం మానేస్తారు.

ఇక మంచం సంగతి. "పడుకోకపోతే ఎట్టా తగ్గుద్ది మేడం? మా అమ్మ వారం లేవొద్దంది" అన్నాడొక హమాలీ. "అమ్మ మీద ప్రేమ ఉంచు, మంచం మాత్రం వదులు" అన్నాను. 1995లో హెల్సింకీ నగరపాలక ఉద్యోగుల మీద ఒక పరిశీలన జరిగింది. కొందరిని రెండు రోజులు పడుకోబెట్టారు, కొందరితో నడుం వ్యాయామాలు చేయించారు, మిగతావాళ్లను నొప్పి ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు చేసుకోమన్నారు. అందరికంటే ముందు కోలుకున్నది మూడో రకంవాళ్లు. వ్యాయామాలు నేర్పి బతికే నాకు ఆ ఫలితం మొదట మింగుడు పడలేదు. ఇప్పుడు మాత్రం తొలిరోజు నేను చెప్పేది అదే: గంటకోసారి లేచి ఇంట్లోనే ఐదు నిమిషాలు నడవండి, వంటా స్నానమూ మీరే చేసుకోండి.

లేవడానికి ఒక పద్ధతి ఉంది. వెల్లకిలా ఉన్నవాళ్లు తల ఎత్తి లేవబోతే ప్రాణం పోయినట్టుంటుంది. ముందు మోకాళ్లు మడవండి. భుజం, తుంటి, మోకాలు కలిపి దుంగ దొర్లినట్టు పక్కకు ఒరగండి. పాదాలు మంచం అంచు దాటించి, అవి కిందికి దిగుతుండగా కింద ఉన్న మోచేతితో, పై అరచేతితో పరుపును నెట్టండి. ఊపిరి బిగబట్టకండి. నేల మీద చాప వేసుకుని పడుకునే అలవాటుంటే తొలి పది రోజులూ మంచం వాడండి.

తరువాత బోర్లా పరీక్ష. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర కాలినొప్పి ఉన్న ఒకాయన, తలవైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడు. ఐదు నిమిషాల్లో కాలినొప్పి పోయింది. అక్కడి నుంచే ఈ పద్ధతి పుట్టింది. రెండు నిమిషాలు బోర్లా పడుకోండి. ఒంటికి సరిపడిందనిపిస్తే మోచేతుల మీద లేవండి. తరువాత అరచేతులతో ఛాతీని పైకి నెట్టండి, నడుం నుంచి కిందిభాగాన్ని పరుపుకే వదిలేయండి. పదిసార్లు, రెండు మూడు గంటలకోసారి. పిక్కలోని నొప్పి తొడకీ, తొడలోది నడుంకీ ఎగబాకితే నడుం దగ్గర కాస్త ఎక్కువైనా అది మంచి కబురే. కిందికి జారితే మాత్రం ఆపేయండి. నిలబడితే కాళ్లు లాగి, ముందుకు వంగితే హాయిగా ఉండే పెద్దవాళ్లకు ఇది నప్పదు. వాళ్లు వెల్లకిలా పడుకుని మోకాళ్లను ఒక్కొక్కటిగా పొట్ట మీదికి తెచ్చుకుంటే మేలు.

కాపడం పెట్టుకోండి, పదిహేను నిమిషాలు చాలు. ఉప్పు మూటైనా, వేడినీళ్ల సంచైనా ఒకటే. షుగర్ ఉండి చర్మం మొద్దుబారినవాళ్లు ఆ వేడిని ఇంకొకరి చేత్తో చూపించుకోవాలి, బొబ్బలతో వచ్చినవాళ్లను చూశాను. ఇక కరెంటు మిషన్లు. కొత్తలో నేను పనిచేసిన చోట అందరికీ పది రోజుల ప్యాకేజీ ఉండేది: పదిహేను నిమిషాలు ఐఎఫ్‌టీ (నొప్పి ఉన్నచోట చర్మం మీద సన్నని కరెంటు), ఐదు నిమిషాలు అల్ట్రాసౌండ్ (స్కాన్ కాదు, ధ్వని తరంగాల చికిత్స), ఇంటికి. పదో రోజుకి తగ్గేది. ఇంట్లో ఉన్నా చాలామందికి ఆపాటికి తగ్గేదే! చేత్తో కీళ్లు కదిలించడం, మర్దన కొన్నాళ్లు ఉపశమనం ఇస్తాయి, అదీ లేచి నడవడానికి పనికొస్తేనే. బెల్టు బస్సు ప్రయాణానికి సరే, ఇంట్లో విప్పేయండి.

నాలుగైదు రోజులకు వంగడం మళ్లీ నేర్చుకోవాలి. గోడవైపు వీపు తిప్పి, గోడకు జానెడు ముందు నిలబడండి. మోకాళ్లు కొంచెం సడలించి, పిర్రలను వెనక్కి తోస్తూ గోడను తాకించండి. వంగింది తుంటి దగ్గర, నడుం దగ్గర కాదని చెయ్యి పెట్టి చూసుకోండి. ఆ వంపుతోనే ఖాళీ బకెట్, తరువాత సగం నీళ్ల బకెట్, ఒంటికి ఆనించి ఎత్తండి. మన హమాలీ తొమ్మిదో రోజున ముఠామేస్త్రిని అడిగి సంచులు కుట్టే పనికి మారాడు. టిక్కీ ఎత్తింది నాలుగో వారంలో.

చాలామందికి ఆరు వారాల్లోపు బాగా తగ్గుతుంది, మధ్యలో ఒకటి రెండుసార్లు మళ్లీ పట్టినట్టనిపించినా సరే. రెండు వారాలైనా చెప్పు తొడుక్కోవడం మొదటి రోజంత కష్టంగానే ఉంటే దగ్గరలో ఉన్న ఫిజియోను కలవండి. వెళ్లేటప్పుడు లూజు బట్టలు వేసుకోండి. బిగుతు జీన్సులో మీ నడుం ఎంత వంగుతుందో మాకు తెలియదు.