గేమ్ ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఆ రిఫ్లెక్షన్ చాప్టర్ ఎలా రాయాలంటే

ఫైనల్ ఇయర్‌లో గేమ్ చేస్తున్నవాళ్లకి ఇది. గేమ్ ఎలాగూ ఆఖరి వారం నిద్ర మానేసి పూర్తి చేసేస్తారు, చిక్కంతా రిపోర్ట్ చివర్లో ఉండే "రీసెర్చ్, స్కిల్ డెవలప్‌మెంట్" చాప్టర్‌తోనే. నేను మొదటిసారి "ఈ ప్రాజెక్ట్ వల్ల గోడో ఇంజిన్ నేర్చుకున్నాను, టీమ్‌వర్క్ అలవడింది" అంటూ (గోడో అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) రెండు పేజీలు నింపి ఇస్తే, మా గైడ్ మేడమ్ మార్జిన్‌లో "ఏ గేమ్?" అని ఒక్క ముక్క రాసి వెనక్కిచ్చారు. నిజమే, ఆ రెండు పేజీలు ఎవరి రిపోర్ట్‌లో అతికించినా సరిపోతాయి.

కాబట్టి మొదట చేయాల్సింది, నేర్చుకున్నవాటి లిస్టు పక్కన పడేసి, ఎక్కడెక్కడ ఇరుక్కుపోయారో గుర్తు తెచ్చుకోవడం. ఇరుక్కున్న ఒక్కో చోటికీ నాలుగు సంగతులు రాయండి: ఏం అడ్డుపడింది, దానికోసం ఎక్కడ వెతికారు, గేమ్‌లో ఏం మార్చారు, మార్చాక ఏమైంది. అలాంటివి మూడు దొరికితే చాప్టర్ అయిపోయినట్టే.

నాది చెప్తాను. మారతహళ్ళిలో మేమున్న పీజీ టెర్రస్ చూసే గేమ్ మొదలుపెట్టాను, ఒక పిల్లి వాటర్ ట్యాంకుల మీంచి ట్యాంకుల మీదకి దూకుతూ వెళ్తుంది, అంతే. పక్క రూమ్ అమ్మాయికి ల్యాప్‌టాప్ ఇచ్చి ఆడమన్నాను. మూడో ట్యాంకు దగ్గర నాలుగుసార్లు పడిపోయింది. "నేను నొక్కానక్కా, అదే ఎగరట్లేదు" అంది. తనకి ఆడటం రాదనుకుని ఊరుకున్నాను (ఇది కూడా రిపోర్ట్‌లో రాశాను, దాచలేదు). మర్నాడు స్క్రీన్ రికార్డింగ్ మెల్లగా తిప్పి చూస్తే తను నిజంగానే నొక్కింది, కాకపోతే పిల్లి అంచు దాటిన మూడు ఫ్రేముల తర్వాత. అప్పటికి కాళ్ల కింద నేల లేదు కాబట్టి నా కోడ్ ఒప్పుకోలేదు.

వెతికితే, అంచు దాటాక కూడా కాసేపు ఎగరనిచ్చే గడువు పెట్టడమే దీనికి మందు అని తెలిసింది, ఆ గడువుకి కయోటీ టైమ్ అని పేరుంది. పాత కార్టూన్లలో నక్కలాంటి కయోటీ కొండ అంచు దాటి కిందకి చూసేదాకా గాల్లోనే నిలబడుతుంది చూడండి, దాన్నుంచి వచ్చింది. 2018లో వచ్చిన సెలెస్ట్ గేమ్ కోడ్‌లో ప్లేయర్ భాగాన్ని దాన్ని చేసినవాళ్లే బయట పెట్టారు, అందులో ఈ గడువు 0.1 సెకను. గోడోలో ఫిజిక్స్ మామూలుగా సెకనుకి 60 సార్లు నడుస్తుంది కాబట్టి అది 6 ఫ్రేములన్నమాట. పెట్టి చూశాను, అదే అమ్మాయి మూడో ట్యాంకు రెండో ప్రయత్నంలో దాటేసింది. రీసెర్చ్ అంటే ఈ కథే, పేపర్లు చదివితేనే రీసెర్చ్ అనుకోకండి.

తప్పుదారి పట్టిన వెతుకులాట కూడా రాయండి, మార్కులు పోతాయని భయపడొద్దు. నేను వారం రోజులు ఒక వీడియో సిరీస్ చూసి కోడ్ కొట్టాను, అన్నీ ఎర్ర గీతలే. చివరికి తేలిందేంటంటే అది గోడో 3 కోసం చేసినది, నేను వాడేది 2023 మార్చిలో వచ్చిన 4 వెర్షన్ లైను. కోడ్‌లో వాడే పేర్లూ పద్ధతులూ మారిపోయాయి: కైనమాటిక్‌బాడీ పేరు క్యారెక్టర్‌బాడీ అయింది, యీల్డ్ పోయి అవెయిట్ వచ్చింది, మూవ్ అండ్ స్లైడ్‌కి వేగాన్ని బ్రాకెట్లో ఇవ్వడం మానేసి ముందే వెలాసిటీలో పెట్టాలి. వారం వేస్ట్ అయింది కానీ అప్పట్నుంచి ఏ ట్యుటోరియల్ తెరిచినా ముందు వెర్షనూ తేదీ చూస్తున్నాను, అధికారిక డాక్యుమెంటేషన్ పక్కన పెట్టుకుంటున్నాను. స్కిల్ పెరిగిందని చూపించాలంటే ఇలా అప్పుడేం చేసేదాన్ని, ఇప్పుడేం చేస్తున్నాను అని చెప్పాలి. "కోడింగ్ 6 నుంచి 8కి పెరిగింది" లాంటి సొంత మార్కులు దయచేసి వేసుకోకండి, చదివేవాళ్లకి ఒళ్లు మండుతుంది.

సౌండ్లు, బొమ్మల సంగతి క్లుప్తంగా చాలు, ఏది సొంతం, ఏది ఎక్కడిది, లైసెన్స్ ఏంటి. నా గేమ్‌లో కుక్కర్ విజిల్ మా మెస్ వంటింట్లో ఫోన్‌తో రికార్డ్ చేసిందే. ఫ్యాన్ రొద పోగొట్టడానికి ఆడాసిటీలో (సౌండ్ ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) ముందు ఖాళీ ముక్క ఎంచుకుని నాయిస్ ప్రొఫైల్ తీసుకోవాలని తెలియక, విజిల్‌నే ప్రొఫైల్‌గా ఇచ్చి విజిల్‌నే మాయం చేశాను.

ఇవన్నీ గుర్తుండాలంటే ఏ రోజుది ఆ రోజు రాసుకోవాలి. పెద్ద డైరీ ఏం అక్కర్లేదు, నేను వాట్సాప్‌లో నాకు నేనే మెసేజ్ పెట్టుకునేదాన్ని, సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు కదలని ఆ ముప్పావుగంటలో అంతకంటే చేసేదేముంది. ఇప్పటిదాకా ఏమీ రాసుకోలేదు, వచ్చే వారమే సబ్మిషన్ అంటారా, గిట్ లాగ్ (కోడ్‌లో ఎప్పుడేం మార్చారో ఉండే చిట్టా) తెరవండి, బ్రౌజర్ హిస్టరీ తెరవండి, రెండూ తేదీలవారీగా పక్కపక్కన పెడితే ఏ రాత్రి దేనికోసం కొట్టుకున్నారో చాలావరకు బయటపడుతుంది. ఆ చిట్టాలో ఒక్కో మార్పుకీ రాసే కమిట్ మెసేజ్‌లన్నీ "ఫైనల్", "ఫైనల్ 2" అని పెట్టుకున్నవాళ్లకి మాత్రం నేనేం చెప్పలేను.

అంకెలు మార్చి చూసినప్పుడు పనికిరాని అంకె కూడా రాసి పెట్టుకోండి. వైవాలో ఎక్స్‌టర్నల్ నన్నడిగింది ఒక్కటే ప్రశ్న, "0.1 ఎందుకు, 0.3 ఎందుకు పెట్టలేదు?" అని. పెట్టి చూశాను సార్ అని ఆ రోజు నోట్ చూపించాను. పక్క రూమ్ అమ్మాయి అన్న మాట అందులో ఉన్నదున్నట్టు ఉంది: "అక్కా, నీ పిల్లి గాల్లో నడుస్తోంది."