ఎల్డీఎల్ పెరిగినప్పుడు నెయ్యి, పాలు, పెరుగు ఎలా సర్దుకోవాలి

రక్తపరీక్షలో ఎల్డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువని తేలగానే చాలా ఇళ్లలో ముందు పెరుగు మానేస్తారు. ముద్దపప్పులో నెయ్యి మాత్రం ఎప్పటిలాగే పడుతుంది. మొదట పట్టించుకోవాల్సింది ఆ నెయ్యినే.

పాలకొవ్వులో దాదాపు మూడింట రెండొంతులు సంతృప్త కొవ్వు. అది ఎక్కువైతే రక్తంలోంచి ఎల్డీఎల్‌ను లాక్కునే గ్రాహకాల పని కాలేయంలో మందగిస్తుంది. పాలల్లో కొవ్వు బొట్ల చుట్టూ సన్నని పొర ఉంటుంది. వెన్న చిలికితే అది చిట్లి చాలావరకు మజ్జిగలోకి పోతుంది. చీజ్‌లో ఆ పొర చాలావరకు మిగులుతుంది. అంతే కొవ్వున్న చీజ్ వెన్నంతగా ఎల్డీఎల్‌ను పెంచదని ప్రయోగాల్లో తేలింది, దానికి ఇదొక కారణం కావచ్చు.

ముందు లెక్క తేల్చండి. రోజుకు 2000 కేలరీలు తినేవారికి సంతృప్త కొవ్వు, అన్ని వంటకాల్లోదీ కలిపి, 22 గ్రాములు దాటకూడదు. వంటింటి త్రాసు మీద నెయ్యి గిన్నెను భోజనానికి ముందూ తర్వాతా తూచండి. కంటి అంచనా ఇక్కడే తప్పుతుంది: కరిగిన నెయ్యి వంచుకుంటే ‘ఒక చెంచా’ సులువుగా 15 గ్రాములవుతుంది, అందులో సంతృప్త కొవ్వే 9 గ్రాములు. రోజుకు 5 గ్రాముల చిన్న చెంచాతో సరిపెట్టుకోండి.

తర్వాత పాలు. ఫుల్ క్రీమ్‌లో కొవ్వు 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. అర లీటరు ఫుల్ క్రీమ్ బదులు టోన్డ్ వాడితే 15 గ్రాముల కొవ్వు తగ్గుతుంది. గేదె పాలైతే కాచి, కదపకుండా చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున చిల్లుల గరిటెతో మీగడ ఎత్తండి. హోమోజినైజ్ చేసిన (కొవ్వు బొట్లను చిన్నవిగా చేసి పాలంతా కలిపేసిన) ప్యాకెట్ పాలకు ఇది పనిచేయదు, కొవ్వు పాలలోనే ఉండిపోతుంది. ఎత్తిన మీగడ దాచి నెయ్యి కాచుకుంటే అది మళ్లీ కంచంలోకే వస్తుంది!

తగ్గించిన నెయ్యి చోట ఏం తింటున్నారన్నది అంతకన్నా ముఖ్యం. ఆ కేలరీలు వేరుశనగ నూనె, నువ్వుల నూనె, పల్లీల నుంచి వస్తే ఎల్డీఎల్ దిగుతుంది. ఇంకో గరిటెడు అన్నమో, తీపో అయితే ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) పెరుగుతాయి. ట్రైగ్లిజరైడ్లు 150 mg/dL దాటినవారు పెరుగన్నంలో పెరుగు ఉంచి అన్నమే తగ్గించాలి. చక్కెర వేసిన లస్సీ, ఫ్లేవర్డ్ పెరుగు వద్దు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా నడిచాక, 12 గంటలు పరగడుపున ఉండి, అదే ల్యాబ్‌లో మళ్లీ పరీక్ష చేయించండి. ఎల్డీఎల్ 190 mg/dL దాటితే ఇన్ని వారాలు ఆగకండి, వెంటనే డాక్టర్‌కు చూపించండి. అది వంశపారంపర్యం కావచ్చు. మందులు వాడుతున్నవారు సొంతంగా ఆపకూడదు.