ఊరు దాటకుండా శని, ఆదివారాలు: గోల్కొండ నుంచి పబ్లిక్ గార్డెన్స్ దాకా ఎలా చుట్టిరావాలి?

డిసెంబరు, జనవరిల్లో హైదరాబాద్ ఎండ ఒంటికి హాయిగానే ఉంటుంది. ఉన్న రెండు రోజుల సెలవులో సగం హైవే మీద పోగొట్టుకోవడం దేనికి? ఊళ్లోనే తిరగండి, కానీ ఎండను చూసి వరస పెట్టుకోండి: పొద్దున కొండ, మధ్యాహ్నం నీడ, సాయంత్రం పచ్చిక. రోజుకు ఒకే దిక్కు. చార్మినార్, జూపార్కు, గోల్కొండ మూడూ ఒకేరోజు చుట్టేద్దామనుకుంటే చివరికి చూసేది సిగ్నల్ లైట్లే.

1. శనివారం పొద్దున గోల్కొండ

గేటు తెరిచే వేళకే అక్కడుండండి. కోట దాకా మెట్రో లేదు. మెహదీపట్నం నుంచి బస్సో ఆటోనో పట్టుకోవాలి. నీళ్ల సీసా, టోపీ, కాలికి పట్టుండే చెప్పులు చాలు. మెట్లు 360 దాకా ఉంటాయి. పెద్దవాళ్లుంటే సగం దాకా ఎక్కి కూర్చున్నా నష్టం లేదు, చూడాల్సినవి చాలావరకు దారిలోనే ఉన్నాయి.

గుమ్మటం కింద చప్పట్లు కొట్టడం ఎలాగూ తప్పదు. ఆ చప్పుడు కొండ కొసన ఉన్న బాలాహిసార్ దాకా వినిపిస్తుంది. మీవాళ్లలో ఒకరిని ముందే అక్కడికి పంపితేనే ఆ సరదా.

ఎక్కేటప్పుడు గోడల వైపు చూస్తూ నడవండి. అక్కడక్కడా రాళ్ల మధ్య మట్టి గొట్టాల మూతులు కనిపిస్తాయి. పర్షియన్ చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడిన నీళ్లు ఈ గొట్టాల్లోనే పారేవి. ఇప్పుడు తీగల వంతెన వెలిగిపోతున్న దుర్గం చెరువు ఒకప్పుడు ఈ కోటకు నీళ్లిచ్చిందే. పిల్లలకు రాజుల పేర్ల కన్నా ఈ గొట్టాలు చూపిస్తే ఎక్కువ గుర్తుంటాయి.

రామదాసు బందీఖానా దగ్గర మాత్రం తొందరపడకండి. చీకటికి కళ్లు అలవాటుపడ్డాకే గోడ మీది రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడు కనబడతారు.

2. మధ్యాహ్నం సాత్ గుంబజ్

ఎండ ముదిరేసరికి కొండ దిగి, భోంచేసి, దగ్గర్లోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లండి. సాత్ గుంబజ్ అనేది వీటినే. దళసరి గోడల లోపల చల్లగా ఉంటుంది. 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా సమాధి ఇక్కడే. ఎత్తు సుమారు 42 మీటర్లు. రామదాసును చెరలో పెట్టిన కాలపు సుల్తాను, తానీషా సమాధి కోసం మాత్రం వెతక్కండి. 1687లో కోట ఔరంగజేబు వశమయ్యాక ఆయన్ను దౌలతాబాద్ తీసుకెళ్లారు. అక్కడే బందీగా చనిపోయాడు.

బాగుచేసిన దిగుడుబావులు చూశాక పొద్దువాలేదాకా చెట్ల కింద చాప పరుచుకోండి.

3. ఆదివారం పబ్లిక్ గార్డెన్స్

ఈ రోజు మెట్రోలో వెళ్లండి. అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే నడిచే దూరమే. పాతకాలం వాళ్లు దీన్ని ఇప్పటికీ బాగ్-ఏ-ఆమ్ అంటారు. పొద్దున తోట, ఎండెక్కాక లోపలి స్టేట్ మ్యూజియం. పిల్లలు ఈజిప్టు మమ్మీ దగ్గర ఆగిపోతారు, మీరు అజంతా చిత్రాల నకళ్ల గదికి వెళ్లండి.

జనవరిలో అయితే ఆ పక్కనే నాంపల్లి నుమాయిష్, అంటే ఎగ్జిబిషన్, నడుస్తుంటుంది. నన్నడిగితే దాన్ని మరో సాయంత్రానికి వదిలేయండి. తిరిగి తిరిగి కాళ్లు లాగుతున్నప్పుడు ఆ జనంలో పిల్లల చెయ్యి పట్టుకుని నడవడం మాటలు కాదు.