కొత్త కంప్యూటర్‌లో తెర వెలగకపోతే: ర్యామ్ విషయంలో నా అనుభవం

కొత్తగా అమర్చిన కంప్యూటర్‌లో పవర్ బటన్ నొక్కగానే ఫ్యాన్లన్నీ తిరిగేవి గానీ తెర మీద ఏమీ కనిపించేది కాదు. మదర్‌బోర్డు మీద, ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) దగ్గర సమస్య ఉందని సూచించే, డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న దీపం మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉండేది. మానిటర్ కేబుల్ మార్చినా, గ్రాఫిక్స్ కార్డు తీసి మళ్లీ బిగించినా, వేరే పవర్ సప్లై పెట్టి చూసినా ఫలితం లేకపోయింది.

చివరకు కరెంటు తీగ ఊడదీసి, రెండు ర్యామ్‌లనూ తీసేసి, మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని 5 నిమిషాలు బయట ఉంచి బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే మూల సాఫ్ట్‌వేర్) సెట్టింగులను మొదటి స్థితికి తెచ్చాను. తర్వాత ఒకే ఒక ర్యామ్‌ను, ప్రాసెసర్ వైపు నుంచి రెండోదైన ఏ2 స్లాటులో, గడియ పడిన శబ్దం వినిపించేదాకా నొక్కాను. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా మొదట వాడవలసింది అదే అయినా, మాన్యువల్ చూసుకోవడం మేలు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఓపిక. డీడీఆర్5 తరం ర్యామ్‌ను మొదటిసారి పెట్టినప్పుడు దాని టైమింగులను (డేటా చదివే, రాసే సమయాల అమరికను) సరిచూసుకోవడానికి మదర్‌బోర్డుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతకుముందు నేను ప్రతిసారీ రెండు నిమిషాలకే ఆపేసి ఆ పనిని మధ్యలోనే తెంచేస్తూ వచ్చాను. ఈసారి ముట్టుకోకుండా వదిలేస్తే సుమారు 8 నిమిషాలకు బయోస్ తెర వచ్చింది.

ఆ ఒక్క ర్యామ్‌తోనే బయోస్ కొత్త వెర్షన్ ఎక్కించి, ఆపి, రెండోదాన్ని బీ2లో పెట్టాను. ఎక్స్‌ఎంపీతో (ర్యామ్‌ను దాని మీద రాసిన ఎక్కువ వేగంతో నడిపే బయోస్ సెట్టింగు) 6000 వేగం ఎంచుకుంటే మళ్లీ అదే దీపం వెలిగింది గానీ, 5600కు తగ్గించాక నిలకడగా నడుస్తోంది.

మొదటిసారి తెర రావడానికి బ్యాటరీ తీయడం, ఒకే ర్యామ్ ఉంచడం, వేచి ఉండడం అనే మూడింటిలో ఏది కారణమో నేను విడదీసి చెప్పలేను. ర్యామే చెడిపోయి ఉంటే ఈ పద్ధతి ఉపకరించదు.