కుందేలు తనంతట తానే బోనులోకి వెళ్లాలంటే

రాత్రి కుందేలును బోనులో పెట్టడానికి దాని వెంటపడి పట్టుకోకండి. సహజంగానే బెదురు ప్రాణి, తరిమితే మనల్ని చూసినా వణికిపోతుంది. చెవులు పట్టి ఎత్తడం అసలే వద్దు.

నేలమీద కూర్చుని, బోను గుమ్మం దగ్గర కొత్తిమీర రెమ్మ చూపించండి. అటు ఒక్క అడుగు వేసినా నాలుకతో ‘టక్’మనిపించి, వెంటనే ఆ ఆకు పెట్టేయండి. ఆలస్యమైతే ఎందుకిచ్చారో దానికి అర్థం కాదు. మర్నాడు ఇంకో అడుగుకి టక్. మా దానికి పది రోజులు పట్టింది, ఇప్పుడు గుమ్మం తీస్తే చాలు, తనే వెళ్లి కూర్చుంటుంది!

అరటిపండు ఇస్తే చిటికెన వేలి గోరంత చాలు, అదీ ఎప్పుడో ఒకసారి. నేర్పడం కోసం ఆకలితో మాత్రం ఉంచొద్దు. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గంటల తరబడి తినకపోతే దాని పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదికొస్తుంది.

మన బెజవాడ ఎండలకు ఇదంతా తెల్లవారుజామునే, ఐదు నిమిషాలు. కుందేలు మనలా చెమటతో చల్లబడలేదు, ఎక్కువగా చెవుల నుంచే వేడి పోవాలి. మే నెల మధ్యాహ్నాల్లో శిక్షణ మానేసి, గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి.