స్క్రూ ఆఖర్న తిప్పండి

నాది 2006 స్ప్లెండర్. ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ యూనిట్లో పని చేస్తాను. లీటరుకు 60 ఇచ్చే బండి మొన్న ఎండాకాలం 40కి పడిపోయింది. పైగా నల్లపొగ, పెట్రోలు వాసన. పొద్దున బాగానే నడిచి, ఇంజన్ వేడెక్కాక గునిసేది. షాపులో చూపిస్తే మెకానిక్ ఏమీ విప్పకుండానే, పెట్రోలు, గాలి కలిపే కార్బొరేటర్ మీది స్క్రూ తిప్పి పంపాడు. రెండు రోజులకు మళ్ళీ అదే పొగ. ఇక నేనే కూర్చున్నా.

ముందు ప్లగ్ విప్పండి. కొన ఇటుక రంగులో ఉంటే ఇబ్బంది లేదు. పొడి మసి కాటుకలా వేలికి అంటితే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు. నల్లగా, నూనె జిడ్డుగా ఉంటే మాత్రం ఇంజన్ ఆయిల్ కాలుతోంది. అది కార్బొరేటర్‌తో పోయే జబ్బు కాదు.

చల్లని ఇంజన్ స్టార్ట్ అవడానికి పెట్రోలు పాలు పెంచే చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా చూడండి. మా ఎండలకు అసలు చోక్‌తో పనేముంది, పిల్లలు ఆడుకుంటూ లాగేస్తారు.

నా బండిలో అసలు దొంగ ఎయిర్ ఫిల్టరే. బండలను నీళ్ళతోనే కోస్తాం కానీ, ఆ బురద ఎండాక లారీలు తిరిగితే లేచేదంతా పిండే. ఫిల్టర్ దులిపితే బూడిద రంగు పిండి దోసెడు రాలింది. గాలి అందకపోతే పెట్రోలు పాలు పెరగక ఏమవుతుంది? స్పాంజి ఫిల్టర్ అయితే సర్ఫ్ నీళ్ళలో పిండి, బాగా ఆరబెట్టి, కొంచెం ఇంజన్ ఆయిల్ పట్టించి బిగించండి. కాగితం ఫిల్టర్‌ను తడపొద్దు, మార్చేయండి.

బండి ఆపి ఉన్నప్పుడు కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో పైపు నుంచి పెట్రోలు చుక్కలు పడుతుంటే, లోపలికి వచ్చే పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ అరిగిందో, దాని కింద నలుసు ఇరుక్కుందో. ఇంజన్ చల్లారాక, పెట్రోలు ట్యాప్ కట్టేసి కార్బొరేటర్ విప్పండి. దగ్గర్లో బీడీ వెలిగించేవాళ్ళు ఉంటే పంపేయండి.

ఫిల్టర్ శుభ్రం చేశాక నా బండి ఇంకో పేచీ పెట్టింది. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్లో టపటపా శబ్దం. మెకానిక్ మూసుకుపోయిన ఫిల్టర్‌కు సరిపడా పెట్రోలు తగ్గించి పెట్టాడు కదా, ఇప్పుడు గాలి ఎక్కువైంది. ఇంజన్ వేడి మీద ఉండగా ఆ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ఐడ్లింగ్ ఎక్కడ బాగా లేస్తే అక్కడ ఆపాను.